పురి పెట్టినదెవరు? - అణువుల కుడి ఎడమల వారసత్వం

తెలుగువారి వంటింట్లో పులుపుకు ముఖ్యమైన ఆధారాలు రెండు: చింతపండు, పెరుగు. స్వదేశం విడిచి వేల మైళ్ల దూరాన కాపురం పెట్టినవారి ఇళ్లలో కూడా ఈ రెండూ లేని రోజు ఉండదు. చింతపండు పులుపులో ప్రధానమైనది టార్టారిక్ ఆమ్లం. పెరుగు పులుపు లాక్టిక్ ఆమ్లానిది. నాలుకకు తెలిసేది పులుపు మాత్రమే. రసాయన శాస్త్రజ్ఞుని దృష్టిలో వీటికి మరొక ఉమ్మడి లక్షణం ఉన్నది. ఈ రెండు ఆమ్లాల అణువులకూ కుడి ఎడమలు ఉన్నాయి. అణువుల కుడి ఎడమలను గురించిన శాస్త్రానికి టార్టారిక్ ఆమ్లం పునాది వేసింది. ఆ శాస్త్రంలో నేడు అందరినీ ఆకర్షిస్తున్న ప్రశ్న ఒకటి లాక్టిక్ ఆమ్లాన్ని ఆశ్రయించి నడుస్తున్నది. అణువులో ఉన్న కుడి ఎడమల భేదం, ఆ అణువులతో తమంత తాముగా ఏర్పడే పెద్ద నిర్మాణానికి సంక్రమిస్తుందా? సంక్రమిస్తే ఏ దారిన?

ఈ ప్రశ్నకు "ఆహా, సంక్రమిస్తుంది" అన్న సమాధానం ఈ మధ్య చాలా సులభంగా వినవస్తున్నది. సూక్ష్మదర్శిని చిత్రంలో ఒక మెలిక కనబడగానే, అది అణువు ఇచ్చిన వారసత్వమేనని ప్రకటించే తొందర పెరిగింది. ప్రకృతి అంత ఉదారంగా వారసత్వాన్ని పంచిపెట్టదు. ప్రతి మెట్టు దగ్గరా అది చేజారిపోవచ్చు, తలకిందులు కావచ్చు. అందుచేత మెలిక కనబడినప్పుడు సంతోషించడం కంటె ముందు, దానికి పురి పెట్టినదెవరని అడగడం అవసరం.

చేతివాటం

కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. వేళ్లు అవే, కొలతలు అవే. అయినా కుడిచేతి తొడుగు ఎడమచేతికి పట్టదు. ఇటువంటి లక్షణానికి లార్డ్ కెల్విన్ 1893లో గ్రీకు భాషలో చేతికి ఉన్న పేరును ఆధారం చేసుకొని కైరాలిటీ అని పేరు పెట్టాడు. తెలుగులో దీనిని చేతివాటం అనవచ్చు. లోకవ్యవహారంలో ఆ మాటకు చిల్లర దొంగతనమన్న అర్థం కూడా ఉన్నది గాని, ఇక్కడ అణువులపై అటువంటి నింద ఏమీ లేదు.

చేతివాటానికి మనవారు ఎరిగిన చక్కని ఉదాహరణ శంఖం. లెక్కలేనన్ని శంఖాలు ఒకే వాటంగా తిరిగి ఉంటాయి. ఎదురు వాటంగా తిరిగినది ఎక్కడో అరుదుగా దొరుకుతుంది. అదే దక్షిణావర్త శంఖం. దాని విలువంతా ఆ ఎదురు తిరగడంలోనే ఉన్నది. అయితే శంఖానికి ముడిసరుకైన కాల్షియం కార్బనేటు అణువుల కూర్పులో కుడి ఎడమలు లేవు. శంఖం ఎటు తిరగాలో నిర్ణయించేది ఆ జీవి పిండదశలో వంశపారంపర్యంగా వచ్చిన ఏర్పాటు. అంటే కంటికి కనబడే మెలికను చూసి, అందులోని పదార్థానికే ఆ మెలిక ఉన్నదనుకోవడం పొరపాటు. ఈ చిన్న హెచ్చరిక వ్యాసం చివరిదాకా పనికివస్తుంది.

పాశ్చర్ అదృష్టం

1848లో ఇరవై అయిదేళ్ల లూయీ పాశ్చర్ పారిస్ లో టార్టారిక్ ఆమ్లపు లవణాలను పరిశీలిస్తున్నాడు. ద్రాక్షసారా పీపాలలో పేరుకొనే టార్టారిక్ ఆమ్లం ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, ఒక పక్కకు తిప్పుతుంది. అదే సంఘటన కలిగిన మరొక ఆమ్లం కాంతిని ఏ పక్కకూ తిప్పదు. ఈ రెండవదాని సోడియం అమ్మోనియం లవణపు స్ఫటికాలను పాశ్చర్ జాగ్రత్తగా చూస్తే, అందులో రెండు రకాలున్నాయి. ఒకటి రెండవదానికి అద్దంలోని ప్రతిబింబం. వాటిని ఓపికగా చేతితో ఏరి రెండు కుప్పలు చేశాడు. ఒక కుప్ప ద్రావణం కాంతిని కుడికి, రెండవది ఎడమకు తిప్పింది. సమపాళ్లలో కలిపితే రెండూ ఒకదానినొకటి రద్దు చేసుకున్నాయి. అటువంటి సమ మిశ్రమాన్నే రెసిమిక్ మిశ్రమం అంటారు.

ఈ కథను పాఠ్యపుస్తకాలన్నీ చెబుతాయి. అంతగా ప్రచారం లేని సంగతి ఒకటి ఉన్నది. ఆ లవణం చల్లని వాతావరణంలో స్ఫటికీకరిస్తేనే కుడి ఎడమలు వేరువేరు స్ఫటికాలుగా విడిపోతాయి. సుమారు 27 డిగ్రీల సెల్సియస్ దాటితే రెండు రకాల అణువులూ ఒకే స్ఫటికంలో ఇమిడిపోతాయి. ఏరడానికి ఏమీ మిగలదు. పాశ్చర్ ఆ ప్రయోగాన్ని బెజవాడ ఎండలలో చేసి ఉంటే ఆ అదృష్టం దక్కేది కాదు. అణువులో చేతివాటం ఎప్పుడూ ఉన్నది. అది స్ఫటికపు ఆకారంలో కనబడిందా లేదా అన్నది ఉష్ణోగ్రతను బట్టి తేలింది. వారసత్వం మొదటి మెట్టు దగ్గరే షరతులు పెట్టిందన్నమాట.

అణువులో ఆ భేదం ఎక్కడ దాగి ఉన్నదో 1874లో వాంట్ హాఫ్, లె బెల్ విడివిడిగా వివరించారు. కార్బన్ పరమాణువు నాలుగు బంధాలను నాలుగు దిక్కులకు చాపుతుంది. ఆ నాలుగు బంధాల చివరా నాలుగు వేరువేరు వస్తువులు ఉంటే, వాటిని అమర్చే తీరులు రెండు. అవి పరస్పరం ప్రతిబింబాలు.

పెరుగు నుంచి గొలుసుకు

లాక్టిక్ ఆమ్లానికీ అటువంటి కార్బన్ ఒకటి ఉన్నది. మన కండరాలలో ఏర్పడేది ఎల్ అనే రకం. పెరుగు తోడులో ఉండే సూక్ష్మజీవులలో స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ ఎల్ రకాన్ని, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ దాని ప్రతిబింబమైన డి రకాన్ని తయారు చేస్తాయి. పరిశ్రమలలో మొక్కజొన్న చక్కెరను పులియబెట్టి ఎల్ రకాన్ని పెద్దఎత్తున తీస్తారు. ఆ అణువులను వేల సంఖ్యలో గొలుసుగా కూర్చితే పాలిలాక్టైడ్ అనే ప్లాస్టిక్ తయారవుతుంది. కంపోస్టులో కుళ్లిపోతుందని చెప్పి విందులలో వాడే పారదర్శకమైన గ్లాసులు చాలావరకు దీనితో చేసినవే.

ఈ గొలుసులో చేతివాటం రెండవ మెట్టు ఎక్కుతుంది. ఎల్ అణువులు మాత్రమే ఉన్న గొలుసు స్ఫటికంలో మరమేకు మీది మర వలె మెలిక తిరుగుతుంది. పది అణువులకు మూడు చుట్లు చొప్పున, ఎడమ వాటంగా. దీనిని సర్పిలం అంటారు. డి అణువుల గొలుసు కుడి వాటపు సర్పిలం అవుతుంది. ఎల్, డి అణువులు ఒకే గొలుసులో వరుస లేకుండా కలిసిపోతే ఆ గొలుసు స్ఫటికీకరించదు. శుద్ధమైన ఎల్ గొలుసుల స్ఫటికాలు సుమారు 180 డిగ్రీల వద్ద కరుగుతాయి. శుద్ధమైన ఎల్ గొలుసులను శుద్ధమైన డి గొలుసులతో సమపాళ్లలో కలిపితే, ఒక దానిలో ఒకటి ఒదిగి మరింత గట్టి స్ఫటికాలను కడతాయి. అవి సుమారు 230 డిగ్రీల దాకా కరగవు. జపాన్ శాస్త్రజ్ఞులు 1987లో ప్రకటించిన విషయమిది. ఒకే పదార్థం, ఒకే రసాయన సంఘటన; కుడి ఎడమలను ఎక్కడ ఎలా కలిపామన్న దానిని బట్టి మూడు రకాల ప్రవర్తన.

వేరుపడలేని అన్నదమ్ములు

ఇప్పుడు మూడవ మెట్టు. నూనె నీరు కలవనట్టే, రెండు రకాల పాలిమర్ గొలుసులు సాధారణంగా కలవవు. ఒక పాలిమర్ గొలుసు కొనను వేరొక పాలిమర్ గొలుసు కొనకు గట్టి రసాయన బంధంతో ముడివేస్తే దానిని బ్లాక్ కోపాలిమర్ అంటారు. వాటి పరిస్థితి పొత్తు కుదరని అన్నదమ్ములు ఒకే ఇంట్లో చిక్కుకున్నట్టుంటుంది. విడిపోవాలని ఇద్దరికీ ఉంటుంది. ఇల్లు విడిచిపోయే దారి లేదు. అందుచేత ఇంట్లోనే వాటాలు వేసుకుంటారు. గొలుసులు కూడా అంతే. పదుల నానోమీటర్ల వెడల్పు గల వాటాలు తమంత తామే వేసుకుంటాయి. మనిషి వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లని తలచుకుంటే, ఆ వాటాలు ఎంత చిన్నవో ఊహించవచ్చు.

ఇటువంటి గొలుసులను కోరిన పొడవుకు తయారు చేసే పద్ధతికి మైఖేల్ ష్వార్ట్స్ 1956లో బాట వేశాడు. చెప్పుల అట్టలలో వాడే ఒక జాతి రబ్బరు 1960ల నుంచి ఈ సూత్రం మీదనే తయారవుతున్నది. గొలుసులో ఒక భాగం చాలా పొట్టిదైతే గుండ్లు, కొంచెం పొడవైతే స్తంభాలు, రెండూ సమానమైతే కాజా పొరల వంటి పలకలు ఏర్పడతాయి. స్తంభాలకూ పలకలకూ నడుమ గైరాయిడ్ అనే అల్లిక వంటి రూపం ఒకటి ఉన్నది. అందులో రెండు వలలు ఒకదానిలో ఒకటి అల్లుకొని ఉంటాయి. ఒకటి కుడి వాటం, ఒకటి ఎడమ వాటం. రెండూ కలిసి పద్దు సరిపోయి, మొత్తానికి ఏ వాటమూ మిగలదు.

2004లో తైవాన్ కు చెందిన రోంగ్ మింగ్ హో బృందం, పాలిస్టైరీన్ గొలుసుకు ఎల్ పాలిలాక్టైడ్ గొలుసును ముడివేసిన కోపాలిమర్లో ఈ పట్టికలో లేని రూపాన్ని చూసినట్టు ప్రకటించింది. పాలిలాక్టైడ్ వాటా నిటారు స్తంభాలుగా కాక, స్ప్రింగుల వలె మెలితిరిగిన సర్పిలాలుగా, తేనెపట్టు గదుల క్రమంలో పేర్చుకొని ఉన్నది. ఒక లాక్టిక్ ముక్క గొలుసు పొడవున ఆక్రమించేది సుమారు 0.3 నానోమీటరు. ఆ సర్పిలాల కొలత పదుల నానోమీటర్లు. ఒక చిన్న అణువులోని కుడి ఎడమల భేదం తనకంటె వంద రెట్లు పెద్దదైన నిర్మాణాన్ని మెలితిప్పిందన్నమాట. శాస్త్ర పరిభాషలో దీనిని చేతివాటపు సంక్రమణం అంటారు.

మూడు సాక్ష్యాలు

తిప్పిందని అంత నిశ్చయంగా ఎలా చెప్పడం? ఈ రంగంలో ఎవరు ఏ ప్రకటన చేసినా, పాఠకులు మూడు సాక్ష్యాలను అడగాలి.

మొదటిది అద్దపు సాక్ష్యం. ఎల్ గొలుసుకు బదులు డి గొలుసును వాడి, తక్కిన ప్రయోగమంతా అలాగే చేస్తే మెలిక ఎదురు వాటానికి మారాలి. రెండవది రెసిమిక్ సాక్ష్యం. ఎల్, డి కలగలిసిన గొలుసును వాడితే మెలిక మాయమై మామూలు స్తంభాలే మిగలాలి. మూడవది లోతు సాక్ష్యం. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రం నీడ వంటిది. స్ప్రింగు నీడ గోడమీద పడితే అది అల వలె కనబడుతుంది గాని, స్ప్రింగు కుడి వాటమో ఎడమ వాటమో తెలియదు. నమూనాను అనేక కోణాలలో వంచి తీసిన చిత్రాలను కూర్చి, మూడు కొలతల రూపాన్ని కట్టి చూస్తేనే వాటం తేలుతుంది.

పాలిలాక్టైడ్ విషయంలో ఈ మూడు సాక్ష్యాలూ కాలక్రమాన సమకూడాయి. ఎల్ గొలుసు ఎడమ వాటపు సర్పిలాలను, డి గొలుసు కుడి వాటపు సర్పిలాలను ఇచ్చింది. రెసిమిక్ గొలుసు సర్పిలాలను ఇవ్వలేదు. 2012లో అదే బృందం పరారుణ కాంతిని కుడిగా, ఎడమగా తిరిగే రెండు రకాలుగా పంపి, గొలుసులు ఆ రెండింటినీ ఎంతెంత పీల్చుకొంటాయో కొలిచి, గొలుసు మెలిక నుంచి పెద్ద సర్పిలం దాకా నడుమ ఉన్న మెట్లను కూడా పరీక్షించింది. ఎనిమిదేళ్ల శ్రమ అది. మెచ్చుకోవలసినది 2004 నాటి అందమైన చిత్రాన్ని మాత్రమే కాదు. ఆ తరువాతి ఓర్పును కూడా.

ఇంత పట్టుదల అవసరమా అనేవారు ఉంటారు. అవసరమని చెప్పడానికి 1995 నాటి ఒక ఫలితం చాలు. జర్మనీలో క్రాపె, స్టాడ్లర్, ఫోయిగ్ట్ మార్టిన్ మూడు ముక్కల కోపాలిమర్ ఒకదానిని పరీక్షించారు. అందులో పాలిస్టైరీన్ స్తంభాల చుట్టూ పాలిబ్యుటాడైన్ తీగలు సర్పిలాలుగా అల్లుకున్నాయి. ఆ గొలుసులలో కుడి ఎడమలను శాసించే అణువే లేదు! ముగ్గురు ఒక ఇంట్లో వాటాలు వేసుకొనే చిక్కులో మెలిక తనంతట తానే పుట్టింది. కాకపోతే కుడి వాటానికీ ఎడమ వాటానికీ అక్కడ సమానావకాశమే. కాబట్టి మెలిక ఉన్నంత మాత్రాన వారసత్వం ఉన్నట్టు కాదు. అసలు ప్రశ్న మెలిక ఉన్నదా అని కాదు, ఒకే వాటపు మెలిక ఉన్నదా, ఉంటే ఎందుకు అన్నది.

ఎదురు పురి

వారసత్వం వచ్చినచోట కూడా అది తండ్రి పోలికనే రావాలని లేదు. పల్లెలలో తాడు పేనేవారికి ఈ రహస్యం ఏనాడో తెలుసు. ఒక్కొక్క పోగుకు ఒక వైపు పురి పెట్టి, ఆ పోగులను కలిపేటప్పుడు ఎదురు వైపు పేనుతారు. అలా పేనితేనే తాడు విప్పుకుపోదు. మన చర్మంలో, ఎముకలలో ఉండే కొల్లాజెన్ అనే ప్రోటీనుది ఇదే నేర్పు. మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా 1954లో దానికి మూడు పోగుల నమూనాను ప్రతిపాదించారు. పోగులు ఒక్కొక్కటి ఎడమ వాటంగా తిరిగి, మూడూ కలిసి కుడి వాటపు తాడవుతాయి. అదే మద్రాసులో, చర్మాన్ని తోలుగా మార్చే శాస్త్రానికి అంకితమైన కేంద్ర చర్మ పరిశోధన సంస్థకు తరువాతి కాలంలో సారథ్యం వహించినవాడు తెలుగు శాస్త్రజ్ఞుడు యలవర్తి నాయుడమ్మ. తోలుకు గట్టితనాన్నిచ్చేది ఆ కొల్లాజెన్ తాడే.

కృత్రిమమైన గొలుసులలోనూ ఈ ఎదురు పురి కనబడింది. 1998లో నెదర్లాండ్స్ లోని నోల్టె బృందం, ఒక భాగం సర్పిలంగా ఉండే కోపాలిమర్ను నీటిలో కలిపి చూస్తే, ఏర్పడిన పెద్ద సర్పిలాల వాటం గొలుసు వాటానికి ఎదురుగా ఉన్నది. వాటం సంక్రమించింది, దిక్కు మారింది. ఎల్ ఇస్తే ఎప్పుడూ ఎడమే వస్తుందని సూత్రం కట్టినవారు ఇక్కడ తప్పటడుగు వేస్తారు.

అసలు సంక్రమించకుండా ఆగిపోయే అవకాశమూ ఉన్నది. 2013లో అమెరికాలో జావో, రస్సెల్, గ్రేసన్ సిద్ధాంతపరమైన గణన ఒకటి ప్రకటించారు. గొలుసు ముక్కలు ఒకదాని పక్కన ఒకటి స్వల్పంగా పక్కకు వాలుతూ అమరడానికి ఇష్టపడతాయని అనుకుందాం. ఆ వాలు బలహీనంగా ఉంటే, అణువులో చేతివాటం ఉన్నా పెద్ద నిర్మాణం ఏ వాటమూ లేని మామూలు రూపంలోనే నిలిచిపోతుంది. వాలు ఒక హద్దు దాటినప్పుడే సర్పిలాలు స్థిరపడతాయి. ఇది ఆలోచించదగిన ఫలితం. అణువుకు వాటం ఉండడం ఒక ఎత్తు; అది తగినంత బలంగా, పొరుగువానికి తెలిసేటట్టుగా ఉండడం మరొక ఎత్తు.

పైగా వచ్చిన వారసత్వం నిలుస్తుందన్న హామీ కూడా లేదు. పాలిలాక్టైడ్ సర్పిలాలను చాలాసేపు వేడిమిలో ఉంచితే అవి క్రమంగా గైరాయిడ్ గా మారడాన్ని పరిశోధకులు గమనించారు. లోపలి పాలిలాక్టైడ్ స్ఫటికీకరించేటప్పుడు చుట్టూ ఉన్న పాలిస్టైరీన్ మెత్తబడి ఉంటే, స్ప్రింగులు సాగి నిటారు స్తంభాలవుతాయి. అణువుల చేతివాటం చెక్కుచెదరలేదు. అవి కట్టిన ఇంటిలో మాత్రం ఆ జాడ పోయింది.

హవల్దార్లు, సిపాయిలు

దీనికి మరొక పక్క చూపకపోతే వాదం ఏకపక్షమవుతుంది. కొన్ని గొలుసులలో అతి స్వల్పమైన పక్షపాతం ఆశ్చర్యకరమైన ఫలితాన్ని ఇస్తుంది. న్యూయార్క్ లోని బ్రూక్లిన్ లో మార్క్ గ్రీన్ బృందం పాలిఐసోసయనేట్ అనే గొలుసులను పరిశీలించింది. ఇవి సర్పిలాలే గాని, కుడి ఎడమల మధ్య వాటికి పట్టింపు లేదు. 1989లో ఆ బృందం, వాటం లేని ముక్కల నడుమ వాటం ఉన్న ముక్కలను కొద్దిగా చేర్చితే గొలుసంతా ఆ కొద్దిమంది చెప్పిన వాటానికే తిరుగుతుందని చూపింది. దానికి హవల్దార్లు, సిపాయిల సూత్రమని పేరు వచ్చింది. 1995లో ఎన్నికల సూత్రం వెలువడింది. కుడి ముక్కలు 56, ఎడమ ముక్కలు 44 పాళ్లలో కలిపినా, గొలుసు దాదాపు నూటికి నూరు కుడి ముక్కలున్నట్టే ప్రవర్తించింది.

స్వల్ప పక్షపాతానికి అంత బలం ఎక్కడిది? బలం హవల్దారుది కాదు. సిపాయిల మధ్య ఉన్న పట్టుది. ఆ గొలుసులో మెలిక దిక్కు మార్చుకోవడం చాలా ఖర్చుతో కూడిన పని. అందుచేత ప్రతి ముక్కా పక్కవాని దిక్కునే అనుసరిస్తుంది. ఆ పట్టు లేని గొలుసులో హవల్దారు ఎంత అరిచినా నాలుగడుగులు దాటి వినబడదు.

సంఘ సభలలో వారసత్వమన్న మాట తరచుగా వినబడుతుంది గనుక, ఈ పోలికను పిల్లల తెలుగుకు అన్వయించాలన్న ఆశ పుట్టడం సహజం. అణువులు మనుషులు కావు. ఆ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. అయినా ఒక్క అంశం మాత్రం గ్రహించవచ్చు. ఏ వారసత్వమైనా తనంతట తాను సంక్రమించదు. నడుమ మెట్లుండాలి, పక్కవారితో పట్టుండాలి. వారానికి ఒకసారి గురువు నేర్పిన పద్యం కంటె, పక్కింటి పిల్లవానితో రోజూ తెలుగులో ఆడిన ఆట ఎక్కువ దూరం పోవచ్చు.

ఎందుకీ పట్టింపు

కుడి ఎడమల విషయంలో తొందరపాటు ప్రాణాంతకమైన సందర్భం చరిత్రలో ఉన్నది. 1957లో పశ్చిమ జర్మనీలో మార్కెట్టులోకి వచ్చిన థాలిడోమైడ్ మందు వేలాది శిశువులను అంగవికలురను చేసి, 1961లో ఉపసంహరించబడింది. దానిలో ఒక వాటపు అణువు మేలు చేసేదని, రెండవది కీడు చేసేదని, రెండింటినీ వేరు చేసి ఉంటే ఆ ఘోరం తప్పేదని జనరంజక వ్యాసాలు తరచు వ్రాస్తాయి. వినడానికి చక్కగా ఉన్న ఆ కథ సరికాదు. ఆ మందు శరీరంలో ఒక వాటం నుంచి మరొక వాటానికి త్వరగా మారిపోతుంది. శుద్ధమైన ఒకే రకాన్ని ఇచ్చినా రెండవది లోపల పుట్టేది. మాత్రలో ఉన్న వాటం రక్తంలో నిలుస్తుందనుకోవడం కూడా పరీక్షించని ఒక ఊహే.

1992లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ, కుడి ఎడమలున్న మందుల విషయంలో రెండు వాటాలనూ విడివిడిగా ఎరిగి ఉండాలన్న విధానాన్ని ప్రకటించింది. వాటిని విడదీసి కొలవడానికి నేడు మందుల పరిశ్రమలో వాడే సాధనాలలో చేతివాటం గల పాలిమర్లతో నింపిన గొట్టాలు ముఖ్యమైనవి. ఆ దారిలో పెద్ద అడుగు 1979లో జపాన్ లో యోషియో ఒకమోటో వేసినది. స్వతహాగా వాటం లేని అణువులను, వాటం ఉన్న ఉత్ప్రేరకపు సాయంతో ఒకే వాటపు సర్పిల గొలుసుగా ఆయన కూర్చాడు. సంక్రమణాన్ని సందేహాతీతంగా నిరూపించిన పని తరువాత పరిశ్రమకు పనిముట్టయింది. మందుల తయారీకి పేరుపొందిన హైదరాబాదులోని ప్రయోగశాలలకు కూడా ఇటువంటి గొట్టాలు కొత్తవి కావు.

సర్పిల కోపాలిమర్ల మీద కూడా నేడు పెద్ద ఆశలున్నాయి. పాలిలాక్టైడ్ను క్షారజలంతో కరిగించి తీసివేస్తే సర్పిలాకారపు సొరంగాలు మిగులుతాయి. వాటిని సిలికాతో నింపి గాజు స్ప్రింగులను పోతపోశారు. కాంతిని వాటం బట్టి వడపోసే పలుచని పొరలు, మందులను వేరుచేసే జల్లెడలు రాగలవని ఆశిస్తున్నారు. ఆ ఆశలు అనుచితమైనవి కావు. కాని వేడికి స్ప్రింగు గైరాయిడ్ గా మారిపోయే పదార్థంతో జల్లెడ కట్టడం ఇసుక మీద ఇల్లు కట్టడమే. మూడు సాక్ష్యాలు, ఆపైన స్థిరత్వపు పరీక్ష. ఇవి లేని ప్రకటనను అందమైన చిత్రంగానే ఎంచాలి.

ఇంత నిదానపు పనికి నేటి యువతలో గిరాకీ తక్కువ. ప్రవాసాంధ్రుల ఇళ్లలో తెలివైన పిల్లలకు వైద్యం, కంప్యూటర్లు అన్న రెండు దారులే రాజమార్గాలు. వాటిలో తప్పేమీ లేదు. కాని ఒక ప్రశ్నకు సమాధానం దొరికిన తరువాత కూడా, అది నిజమేనా అని మరి ఎనిమిదేళ్లు అడిగే వృత్తి ఒకటి ఉన్నదని పిల్లలకు తెలియజెప్పడం పెద్దల ధర్మం. అందుకు ఉపన్యాసం అక్కరలేదు. ఒక సాయంత్రం చాలు. కంప్యూటరు ఎల్.సి.డి. తెర మీద తెల్లని పుటను తెరిచి, దాని ముందు గాజుగ్లాసులో పచారీ దుకాణంలో దొరికే తెల్లని మొక్కజొన్న పాకాన్ని పెట్టాలి. ధ్రువిత కాంతిని వడపోసే చలువ కళ్లద్దాలలో నుంచి దానిని చూస్తూ కళ్లద్దాలను మెల్లగా తిప్పాలి. రంగులేని పాకంలో రంగులు ఒకటి వెంట ఒకటి పుట్టి మారుతాయి. పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టి చూస్తే అందులో ఆ రంగులు ఉండవు.

ఆ పాకంలో స్ఫటికం లేదు, సర్పిలం లేదు. చక్కెర అణువులు చిందరవందరగా తిరుగుతున్నాయి. అయినా వెలుగు ఒక పక్కకే తిరిగింది. పిల్లవాడు రంగులను చూసి కేరింతలు కొట్టి ఊరుకుంటే అది ఒక వినోదం. "దీనిని తిప్పినదెవరు?" అని అడిగితే అది శాస్త్రానికి ఆరంభం. పక్కన నీళ్ల గ్లాసు ఎందుకు పెట్టారని కూడా వాడే అడిగితే, ఆ ఇంట్లో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు పుట్టినట్టే.